ఎర్రగీత దాటని ముల్లు

సోమవారం, 3

నా చేతిరాత కోడి గీకినట్టుంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఎప్పుడూ తెలియలేదు. తప్పులుంటే క్షమించాలి. ఎవరిని అడుగుతున్నానో తెలియదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. అయినా అడగడం మర్యాద. ఊరి బడిలో అయిదు చదివాను. ఆరో క్లాసు గది కప్పు కూలింది. దాంతో నా చదువూ కూలింది.

పుస్తకం అమ్మాయి ఇచ్చింది. సీట్ల కొలతలు రాసుకోవడానికి తెచ్చుకున్నవాటిలో ఒకటి. "ఏ వైరు ఏ రోజు ఎక్కడ కలిపావో రాసుకో నాన్నా. నోటితో ఎలాగూ చెప్పవు" అంది.

జీపు సంగతి మనసులో పెట్టుకునే అంది. పోయిన నెల నేను జీపులో రెండు వైర్లు అటుదిటు కలిపాను. డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. అల్లుడుగారు పరిగెత్తుకొచ్చి బ్యాటరీ తీగ పీకేశారు. తర్వాత ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్ళతో భయం లేదు.

షెడ్డు ఆయనది. ఇంజన్లు ఆయన చేస్తారు. సీట్లు అమ్మాయి కుడుతుంది. వైరింగు నాది. షెడ్డు వెనకే ఇల్లు. చివరి గది నాది. ఇదివరకు అందులో టైర్లు పెట్టేవారు. ఆ వాసన ఇంకా ఉంది, నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు చేస్తున్నది డాక్టరమ్మగారి పాత కారు. ఆవిడ తండ్రి కొన్నది. అరవై ఏళ్ళ నాటిది. ఎనిమిది నెలలు పట్టింది. ఇంజను అయింది, రంగు అయింది, సీట్లు అయ్యాయి. మీటర్లు మిగిలాయి. ఇరవై మూడు ఆదివారం ఆవిడ వాళ్ళ అమ్మగారిని ఎక్కించుకుని కొండదారి మీదుగా అవతలి ఊరికి వెళ్తారట. అమ్మగారికి ఎనభై రెండు. పెళ్ళయిన కొత్తలో ఆ కారులోనే ఆ కొండ ఎక్కారట. మళ్ళీ ఒకసారి ఎక్కాలని కోరిక.

మంగళవారం, 4

తాళం తిప్పగానే రెండు ముళ్ళూ కుడివైపుకి లేచాయి. ట్యాంకులో నాలుగు లీటర్లే ఉంది, పెట్రోలు మీటరు నిండుగా ఉందంటోంది. ఇంజను ఇంకా స్టార్టు చెయ్యనే లేదు, వేడి మీటరు ఎర్రగీత మీద కూర్చుంది.

ఒక మీటరు తప్పు చెబితే దాని వైరు చూడాలి. రెండూ ఒకేసారి తప్పు చెబితే రెండిటికీ అన్నం పెట్టే చెయ్యి చూడాలి. నాకు పని నేర్పిన మేస్త్రి మాట. ఇక్కడ ఆ చెయ్యి డాష్‌బోర్డు వెనక ఉండే అగ్గిపెట్టెంత డబ్బా. బ్యాటరీ పన్నెండు ఓల్టులిస్తే అది పదికి దించి మీటర్లకి పంచుతుంది.

కొత్త డబ్బా వేశాను. ముళ్ళు అలాగే ఉన్నాయి.

వైర్లన్నీ మళ్ళీ చూశాను. ఆకుపచ్చది ఆకుపచ్చదే. నల్లది నల్లదే. మూడుసార్లు చూశాను. జీపుకి కూడా మూడుసార్లు చూశాను.

బుధవారం, 5

దొరకలేదు.

నేను డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఉంటే అల్లుడుగారు రెండుసార్లు వచ్చారు. ఆయన బూట్లు మాత్రమే కనిపించాయి. బూట్లు చాలాసేపు ఉన్నాయి.

గురువారం, 6

ఒకటి దొరికింది.

పొద్దున రంగు మేస్త్రి వచ్చి తలుపు మీద గీత పడిందేమో చూసుకుంటున్నాడు. నా ఈడువాడే. వరస ఏమీ లేదు, బావా అని పిలుస్తాడు.

"ఏం బావా, ముల్లు దిగిందా?"

"దిగలేదు."

"నీకు గుచ్చుకుందేమో చూసుకో. మూడు రోజుల నుంచి మొహం అలాగే ఉంది."

వాడు మాట్లాడుతుంటే నేను టెస్టు బల్బు తీగ ఒకటి బ్యాటరీకి తగిలించి, రెండోది డబ్బా ఒంటికి తాకించాను. బల్బు వెలగలేదు. డబ్బా ఒళ్ళు కారు ఇనుముకి తగలాలి, దాన్నే ఎర్త్ అంటాం. తగలకపోతే డబ్బా ఓల్టు దించదు, పన్నెండుకి పన్నెండూ మీటర్లకి పంపేస్తుంది. స్క్రూ తీసి చూశాను. కింద ఇనుము లేదు. రంగు ఉంది. అద్దంలా ఉంది.

"డాష్‌బోర్డు వెనకవైపు కూడా పూశావా?"

"ఏడు పూతలు. ఎవరూ చూడరు కదా అని వదిలేసే రకం కాదు నేను."

"అదే తప్పు."

"మంచి పని చేస్తే కూడా తప్పేనా? ఏం షెడ్డురా బాబూ ఇది."

నేను రూపాయి బిళ్ళంత మేర ఉప్పుకాగితంతో గీకాను. వాడు అటు తిరిగి నిలబడ్డాడు. కన్నబిడ్డకి సూది పొడుస్తుంటే చూడలేనట్టు. డబ్బా మళ్ళీ బిగించాను. బల్బు వెలిగింది. రెండు ముళ్ళూ కిందికి దిగాయి. పెట్రోలు ముల్లు పావు దగ్గర నిలబడింది.

అల్లుడుగారు వచ్చి చూసి తల ఊపారు. చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా ఉంది.

శుక్రవారం, 7

ఇంజను స్టార్టు చేశాం. పావుగంటకి వేడి ముల్లు మధ్యకి వచ్చింది. అక్కడే ఆగాలి. ఆగలేదు. అరగంటకి ఎర్రగీతకి గోరంత దూరంలో ఉంది.

"ఇదేంటి మామయ్యా, నిన్న బాగైందన్నారు?"

"చూస్తాను బాబూ."

"డాక్టరమ్మగారు మరీ మరీ చెప్పారు. మీటర్లు సరిగ్గా ఉండాలని."

"చూస్తాను."

పెట్రోలు ముల్లు సరిగ్గా ఉంది. డబ్బా సరిగ్గా ఉంది. వేడిది ఒక్కటే తప్పు. అంటే దాని వైరో, ఇంజను వేడిని పట్టి దానికి చెప్పే యూనిట్టో. అంతే అయ్యుండాలి.

శనివారం, 8

యూనిట్టు విప్పి గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్వు మీద పెట్టాను. యూనిట్టుని నీళ్ళలో వేలాడదీసి, వైరు పొడుగు చేసి కారు దాకా లాగాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏం వండుతున్నావు నాన్నా?"

"యూనిట్టు."

"ఉప్పు వేశావా?"

నేను వంటింట్లో నీళ్ళు చూశాను, తను కారులో ముల్లు చూసి అరిచి చెప్పింది. నీళ్ళు మరిగితే ముల్లు ఎర్రగీతకి ఒక వెంట్రుక ఇవతల ఉండాలి. అక్కడే ఉంది. స్టవ్వు ఆపాను. నీళ్ళు చల్లారుతుంటే ముల్లు వాటితోపాటే దిగింది. రెండోసారి చేశాం. అదే. మూడోసారికి అమ్మాయి, "ఇంక చాల్లే నాన్నా, అది బాగానే ఉంది" అంది.

మీటరు నిజమే చెబుతోంది.

అయినా గిన్నె వేరు, ఇంజను వేరు.

ఆదివారం, 9

సెలవు. మీటరు గురించి ఆలోచించలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆలోచించలేదు.

సోమవారం, 10

టీ తాగేటప్పుడు ధైర్యం చేసి అన్నాను.

"బాబూ, మీటరు బాగానే ఉన్నట్టుంది."

"బాగుంటే ఎర్రగీత దగ్గరికి ఎందుకెళ్తుంది?"

ఆయనే ఆలోచించుకున్నారు. గ్లాసు కింద పెట్టారు.

"అంటే ఇంజను నిజంగానే వేడెక్కుతోందంటారా?"

"అనలేదు బాబూ."

"ఇంజను మీద హెడ్డు నేనే బిగించాను మామయ్యా. దాని కింద నీళ్ళు ఆపే గ్యాస్కెట్టు కొత్తది. రేడియేటరు నా చేత్తో కడిగాను. ఇరవై ఏళ్ళలో నా ఇంజను ఒక్కటి వెనక్కి వచ్చిందా?"

"రాలేదు."

"మరి?"

"వైరే అయ్యుంటుంది" అన్నాను.

ఆయన మొహం తేలికపడింది. నాదీ తేలికపడింది. అల్లుడి ఇంట్లో ఉంటూ అల్లుడి పనికి వంక పెట్టడమంటే తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమే. నా చేతుల మీద అనుమానం ఎలాగూ ఉంది. ఇంకొంచెం నామీదే పడితే ఎవరికీ బరువు కాదు.

మధ్యాహ్నం వేడి మీటరు వైరు తెంపి మధ్యలో ఒక రెసిస్టరు కలిపాను. వడ్లగింజంత ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు దాని తేడా తెలియదు. వేడెక్కాక అది కరెంటుని పట్టి ఉంచుతుంది, ముల్లు పైకి పోదు. పైన నల్ల టేపు చుట్టాను. ఏ వైరు ఎక్కడ కలిపావో రాసుకోమంది అమ్మాయి. రాశాను.

ఇలాంటివి అందరూ చేస్తారు. పాత బండ్లకి ముల్లు సరిచెయ్యడం మామూలే.

మంగళవారం, 11

గంటసేపు ఇంజను నడిచింది. ముల్లు మధ్యలో గుంజలా నిలబడింది.

అల్లుడుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఎప్పుడూ వెయ్యలేదు. "మీ చెయ్యి ఇంకా చెయ్యే మామయ్యా. అనవసరంగా కంగారుపడ్డాను" అన్నారు. రంగు మేస్త్రికి కూడా చెప్పారు. వాడు, "మా బావంటే ఏమనుకున్నారు, మాట తక్కువ, పని ఎక్కువ" అన్నాడు.

అన్నం సయించలేదు.

బుధవారం, 12

పొద్దున రేడియేటరు మూత తీసి చూశాను. ఊరికే చూశాను. నీళ్ళు తగ్గాయి. ఒక చెంబు పట్టింది. అల్లుడుగారు లేచి వచ్చేలోపు పోసి మూత పెట్టాను.

కొత్తగా బిగించిన ఇంజనులో చిక్కిన గాలి బయటికి తన్నుకొస్తుంది. మొదట్లో ఒక చెంబు తగ్గడం మామూలే.

గురువారం, 13

ఒక చెంబు.

శుక్రవారం, 14

డాక్టరమ్మగారు వచ్చారు. కారు నడిపి చూస్తానన్నారు. అల్లుడుగారు పక్కన, నేను వెనక. నన్ను ఎందుకు ఎక్కమన్నారో తెలియదు. అమ్మాయి కుట్టిన సీటు మెత్తగా ఉంది, కూర్చోవడానికి భయమేసింది. ప్యాంటుకి గ్రీజు ఉంది.

ఆవిడ బాగా నడుపుతారు. పెద్దరోడ్డు మీద వంతెన ఎక్కేటప్పుడు ఇంజను గొంతు మారింది. కొంచెం. అల్లుడుగారికి వినిపించలేదో, వినిపించినా ఏమీ అనలేదో. ముల్లు మధ్య నుంచి ఒక నూలుపోగంత జరిగి ఆగిపోయింది.

"నాకు ఇంజన్ల సంగతి తెలియదు పెద్దాయనా" అన్నారావిడ, అద్దంలో నన్ను చూస్తూ. "ముల్లు సంగతి తెలుసు. జ్వరం చూడటం అలవాటు కదా. ఈ ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే పక్కకి తీసి ఆపేస్తాను. అంతేగా?"

"అంతేనండి" అన్నారు అల్లుడుగారు. "ఆ ముల్లు మీద మా మామయ్య వారం రోజులు కూర్చున్నారు. దాన్ని కళ్ళు మూసుకుని నమ్మొచ్చు."

"కళ్ళు తెరుచుకునే నమ్ముతాను. నడపాలిగా."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ముల్లు ఎర్రగీత దగ్గరికి రాదు. కారు మొత్తం తగలబడినా రాదు.

శనివారం, 15

చెంబున్నర.

కారు కింద పాత దినపత్రిక పరిచి ఉంచాను. పొద్దున చూస్తే పొడిగా ఉంది. గొట్టాలన్నీ తడిమాను, పొడి. నీళ్ళు బయటికి రావడం లేదు. అయినా తగ్గుతున్నాయి.

స్టార్టు చేసినప్పుడు వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ. చలికి అలాగే వస్తుంది.

చలికాలం పోయి నెలన్నరైంది.

ఆదివారం, 16

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

పందొమ్మిదేళ్ళప్పుడు లారీ మీద క్లీనరుగా ఉన్నాను. వేడి మీటరు పనిచేసేది కాదు. డ్రైవరు దానికి కాగితం అంటించి పెట్టాడు, చూస్తే చిరాకని. కొండ ఎక్కుతుంటే ఇంజను మరిగి రేడియేటరు మూత లేచిపోయింది. ఆవిరి మొత్తం ముందు అద్దం మీదికి వచ్చింది. తెల్లగోడ కట్టినట్టు. మలుపు కనిపించలేదు. నేను ఎడమ తలుపులోంచి దూకాను. డ్రైవరు దూకలేదు.

ఆయనకి నాలుగు నెలల కూతురు ఉండేది. ఈపాటికి ఆ పిల్లకి మనవలు కూడా ఉండి ఉంటారు.

ఇది అమ్మాయికి కూడా చెప్పలేదు. వాళ్ళ అమ్మకి చెప్పలేదు.

సోమవారం, 17

రెసిస్టరు తీసేశాను. ముల్లునే చెప్పనిద్దాం అనుకున్నాను. నేను చెప్పక్కర్లేదు, అది చెబుతుంది.

పది గంటలకి అల్లుడుగారు స్టార్టు చేశారు. రంగు మేస్త్రి కూడా ఉన్నాడు. అరగంటకి ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్ళింది. నేను ఆయన మొహం చూశాను. ఆయన ఇంజను వైపు చూస్తారనుకున్నాను. నా వైపు చూశారు.

"మళ్ళీ మొదలైందా?"

నేను తల వంచుకున్నాను.

ఇంజను ఆపి ఆయన దిగారు. కోపం లేదు. మెల్లగా మాట్లాడారు. "మామయ్యా, మీరు బాగా అలిసిపోయారు. తప్పు నాదే, ఈ వయసులో మీమీద ఇంత పని పెట్టాను. ఈ కారు వెళ్ళిపోయాక ఇంట్లో కూర్చోండి. వైరింగుకి ఒక మనిషిని చూశాను. ఈ వారం రోజులూ ఎలాగో ఈ ముల్లు మాత్రం చూడండి."

రంగు మేస్త్రి రంగు డబ్బా మీద అచ్చువేసిన అక్షరాలు చదువుతున్నాడు. వాడికి చదువు రాదు.

మంగళవారం, 18

మళ్ళీ పెట్టేశాను.

ముల్లు మధ్యలో ఉంది. అందరూ సంతోషంగా ఉన్నారు. చెంబున్నర.

బుధవారం, 19

మధ్యాహ్నం డాక్టరమ్మగారు ఫోను చేశారు. కొండ మీద వాళ్ళ అమ్మగారిని దింపడానికి, ఎక్కించడానికి ఒక మనిషి తోడు కావాలట. "ఆ సీట్లు కుట్టినమ్మాయి వస్తుందా?" అని అడిగారట.

అన్నం దగ్గర అల్లుడుగారు చెప్పారు. అమ్మాయి ముందు వద్దంది. తర్వాత, "ఏ చీర కట్టుకోను?" అని అడిగింది.

"నువ్వు కుట్టిన సీట్లో నువ్వు కూర్చోవాలి కదా" అన్నారు అల్లుడుగారు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ షెడ్డు, ఇల్లు. నేనెక్కడికీ తిప్పలేదు. డాక్టరమ్మగారైనా తిప్పనీ."

"నువ్వేమంటావు నాన్నా?"

నా నోట్లో ముద్ద ఉంది. మింగి నీళ్ళు తాగాను.

"వెళ్ళకపోతేనేం" అన్నాను.

"అదేంటి? ఎందుకు?"

"ఎండ."

ఇద్దరూ నవ్వారు. "నీకు ఎండ అంటే ఎప్పటి నుంచి భయం?" అంది అమ్మాయి. తను నవ్వితే అచ్చం వాళ్ళ అమ్మే.

తను వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంటుంది. ముసలావిడ కుడివైపు. ముసలావిడని వదిలేసి దూకే రకం కాదు నా కూతురు.

గురువారం, 20

రెండు చెంబులు.

శుక్రవారం, 21

ఈరోజు చెప్పేస్తాననుకుని లేచాను. మాటలు కూడా వరసగా పెట్టుకున్నాను. బాబూ, ఆ వైరులో నేను ఒక ముక్క పెట్టాను. మీటరు అబద్ధం చెబుతోంది, నేనే చెప్పించాను. ఇంజను మరుగుతోంది. అంతే. మూడు మాటలు.

పది గంటలకి ఆయన కార్బురేటరు కడుగుతున్నారు. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఏంటి మామయ్యా?"

"ఏం లేదు బాబూ."

పన్నెండుకి మళ్ళీ వెళ్ళాను.

"ఏమైనా కావాలా?"

"స్పానరు." చేతికి ఏ సైజు వస్తే అది తీసుకుని వచ్చేశాను. ఇప్పుడూ జేబులోనే ఉంది.

మూడు గంటలకి వెళ్ళేసరికి ఆయనే తల ఎత్తారు. "ఇంట్లో కూర్చోమన్నానని బాధపడ్డారా?" అని అడిగారు. చేతులు తుడుచుకుని మరీ అడిగారు. "మిమ్మల్ని తీసేస్తున్నానని కాదు మామయ్యా. మీకేమైనా అయితే అమ్మాయి నన్ను బతకనివ్వదు."

"లేదు బాబూ. ఏం లేదు."

మంచి మనిషి. చెడ్డవాడైతే చెప్పడం తేలికయ్యేది.

తర్వాత అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. చీరలు రెండు మంచం మీద పరిచి ఉన్నాయి. ఏది బాగుందని అడిగింది. నీలంది అన్నాను. వచ్చేశాను.

డాక్టరమ్మగారి నంబరు గోడ మీద రాసి ఉంది. ఫోను తీశాను. ఆవిడ "హలో, ఎవరండీ?" అన్నారు. రెండుసార్లు అన్నారు. పెట్టేశాను.

శనివారం, 22. మధ్యాహ్నం

పొద్దున నీళ్ళు మూడు చెంబులు. మూత తీస్తే నీళ్ళ మీద నూనె తేలుతోంది. మీగడలా. దాంతో ఇంక నాకు నేను చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

బాబూ, ఈ పుస్తకం మీకోసం డ్రైవరు సీటు మీద పెడుతున్నాను. మీరు భోంచేసి వచ్చి కారు కడగడానికి తలుపు తీస్తారు కదా, అప్పుడు దొరుకుతుంది. మొదటి నుంచి చదవండి. అక్షరాలు బాగాలేవు, అయినా చదవండి. వేడి మీటరు వైరులో నల్ల టేపు చుట్టిన చోట చూడండి. అది నా పనే. ముల్లు మొదటి నుంచీ నిజం చెప్పింది. మీతో చెప్పలేక దాని నోరు నొక్కాను.

మీ ఇంజనులో నీళ్ళు సిలిండరులోకి పోతున్నాయి. నూనెలోకీ పోతున్నాయి. హెడ్డు విప్పితే తెలుస్తుంది. గ్యాస్కెట్టు తిరగేసి పడిందో, హెడ్డే వంపు తిరిగిందో నాకు తెలియదు. ఇంజను పని మీది, నేను చెప్పకూడదు. కానీ చెబుతున్నాను. ఎవరికైనా జరుగుతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కటి.

ఇప్పుడు స్టార్టు చేస్తే కారు స్టార్టు కాదు. బ్యాటరీ చూడకండి, పెట్రోలు చూడకండి. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపల ప్లగ్గులకి కరెంటు పంచే రోటరు నేను పట్టుకొచ్చాను. నా చొక్కా జేబులో ఉంది. ఇలాంటి సైజు ఈ చుట్టుపక్కల ఏ కొట్లోనూ దొరకదు, నేను అడిగి చూశాను.

దొంగతనమే. మీ షెడ్డులో, మీ అన్నం తింటూ చేశాను.

డాక్టరమ్మగారికి ఏం చెప్పాలో మీ ఇష్టం. వైరింగు ముసలాడు పాడుచేశాడని చెప్పండి. నేను కాదనను. సోమవారం నుంచి ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటాను. అమ్మాయికి లారీ సంగతి మాత్రం చెప్పకండి.

మీరు ఇది చదివేసరికి నేను నా గదిలో ఉంటాను. తలుపు వేసుకుని ఉంటాను. కింద సగం పేజీ ఖాళీగా వదిలాను, పెన్సిలు మధ్యలోనే ఉంది. హెడ్డు విప్పుతానని ఒక్క ముక్క రాసి తలుపు కింద నుంచి తొయ్యండి. రోటరు అలాగే బయటికి తోస్తాను.

వచ్చి నోటితో మాత్రం అడక్కండి. అడిగితే ఏం లేదు బాబూ అంటాను. అని, రోటరు మీ చేతిలో పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అమ్మాయి నీలం చీర ఇస్త్రీ చేస్తోంది, ఇక్కడికి వాసన వస్తోంది. అందుకని రాసే జవాబివ్వండి. త్వరగా రాయండి.